పురుగుమందుల కొట్టు మేడమీద ఇంగ్లీషు

వేసవి సెలవులు ఇచ్చే ముందు రోజు మా స్కూలు కరస్పాండెంట్ గారు టీచర్లందరినీ పై హాల్లోకి పిలిచి, జూన్ నుంచి హైస్కూలు మొత్తం ఇంగ్లీషు మీడియం చేస్తున్నామని చెప్పారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట ఇది. సత్తెనపల్లిలో మిగతా స్కూళ్లు అప్పటికే ఒక్కొక్కటిగా మారిపోతున్నాయి. చుట్టుపక్కల పల్లెల్లో పత్తి, మిరప వేసే రైతులు పిల్లల్ని ఆటోల్లో కుక్కి ఆ స్కూళ్లకే పంపుతున్నారు. మారకపోతే మాది మూతపడుతుంది. అది అందరికీ తెలుసు కాబట్టి ఎవరం నోరెత్తలేదు.

"ఇంగ్లీషులో చెప్పగలిగినవాళ్లు ఉంటారండీ. చెప్పలేనివాళ్లు ఈ సెలవుల్లో ఆలోచించుకోండి," అన్నారాయన. కోపంగా అనలేదు. ఆ పూట ఆయన కూడా బాగా అలిసిపోయినట్టే ఉన్నారు.

నేను సోషల్ టీచర్ని. ఒకటో తరగతి నుంచి బి.ఎడ్. దాకా తెలుగులోనే చదివాను. ఇంగ్లీషు రాదని కాదు. చదివితే అర్థమవుతుంది, గ్రామర్ అడిగితే చెప్పగలను, పరీక్షల్లో ఎప్పుడూ తప్పలేదు. నోరు తెరవాల్సి వచ్చేసరికి మాత్రం మాట గొంతు దాటి వచ్చేది కాదు. పిల్లలిద్దరూ గుంటూరులో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నారు. మా ఆయన పత్తి జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర సూపర్వైజరు. సీజన్లో ఇంటికొచ్చేసరికి తలంతా దూది పట్టి ముసలివాడిలా కనిపించేవాడు. నా ఉద్యోగం పోతే పిల్లల హాస్టలు ఖర్చు ఆయన ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఆ సెలవుల్లో నేను ఆలోచించుకోవడానికి ఏమీ లేదు.

జూన్ వచ్చింది. ఎనిమిదో తరగతికి నేలల గురించి పాఠం. రెండు రోజులు కూర్చుని పాఠం మొత్తం బట్టీపట్టి వెళ్లాను. నల్లబల్ల వైపు తిరిగి, రాసినది చదువుతూ, చదివినది మళ్లీ రాస్తూ సగం పీరియడ్ నెట్టుకొచ్చాను. అప్పుడు ముందు బెంచీలో అమ్మాయి లేచి నిలబడింది. మా కొత్త నియమం ప్రకారం ఇంగ్లీషులోనే అడగాలి కాబట్టి మాటలు కూడబలుక్కుని, "టీచర్, వై బ్లాక్ సాయిల్ హోల్డ్ వాటర్?" అంది.

నల్లరేగడిలో నీళ్లెందుకు నిలుస్తాయి అని. నేను నల్లరేగడి మీద పుట్టి పెరిగాను. మా నాన్నది పత్తి చేను. తడిస్తే ఆ మట్టి చెప్పును ఊడబెరుక్కుంటుంది. ఎండితే నెర్రెలు విచ్చి, ఆ నెర్రెల్లో దూడ కాలు దిగబడుతుంది. చిన్నప్పుడు నా పట్టీ ఒకటి అలాంటి నెర్రెలో పడిపోతే చెయ్యి భుజం దాకా పెట్టి వెతికినా దొరకలేదు. ఆ పిల్లకి ఇదంతా చెప్పాలి. నోరు తెరిచాను. ఒక్క ముక్క రాలేదు. క్లాసంతా నా మొహం వైపే చూస్తోంది.

"రీడ్ ది బుక్. సిట్ డౌన్," అన్నాను.

ఆ అమ్మాయి కూర్చుంది. దానికేమీ అనిపించలేదనుకుంటాను. నేను మాత్రం ఆ పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూముకి వెళ్లి కుర్చీలో కూలబడ్డాను. తెలిసిన విషయం తెలియనట్టు నిలబడటం ఎంత అలసటో ఆ రోజు తెలిసింది.

సైన్స్ చెప్పే ఒక టీచరు, నాకంటే చాలా చిన్నది, నా పక్కన కూర్చుని అంది: "అక్కా, నెట్‌లో ఇంగ్లీషు వార్తలు నిదానంగా చదివి వినిపిస్తారంట. నేర్చుకునేవాళ్ల కోసమేనంట. రోజూ వింటే నోరు తిరుగుతుందక్కా."

"నాకు కంప్యూటర్ తెరవడమే రాదమ్మా," అన్నాను.

"నెట్ సెంటర్లో చూపిస్తారక్కా. బస్టాండ్ దగ్గర మేడమీద ఒకటుంది. ఆయన మంచాయన."

ఆ మేడ కింద పురుగుమందుల కొట్టు. మెట్లెక్కుతుంటేనే ఆ ఘాటు ముక్కుకి, గొంతుకి పట్టుకునేది. పైన ప్లైవుడ్ చెక్కలతో కట్టిన చిన్న చిన్న గదులు, వాటికి కర్టెన్లు. లోపల కాలేజీ కుర్రాళ్లు. నేను గుమ్మంలో ఆగిపోయాను. ఆ సెంటర్ నడిపే ఆయనకి నలభై ఐదేళ్లు ఉంటాయి. అంతకుముందు అదే గదిలో ఎస్టీడీ బూత్ నడిపేవాడట, సెల్‌ఫోన్లు వచ్చాక బూత్ తీసేసి కంప్యూటర్లు పెట్టాడు. నా చీర, చేతిలో టిఫిన్ క్యారేజీ, స్కూలు బ్యాగు చూసి నేనెవరో ఆయనకి అర్థమైపోయింది.

"రండమ్మా. మీరా గదుల్లోకి వద్దు, ఇదిగో, నా బల్ల పక్కన సిస్టమ్‌లో కూర్చోండి. ఎవరూ ఏమీ అనుకోరు," అన్నాడు.

ఆయనే మౌస్ పట్టుకోవడం నేర్పాడు. ఆయనే ఆ వార్తల పేజీ వెతికిపెట్టాడు. స్పాంజి చిరిగిన హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని కూర్చున్నాను. ఒక మగగొంతు చాలా నిదానంగా, ఒక్కో మాట విడదీసి చదువుతోంది. రెండు మాటలు వినిపించి ఆగిపోయేది. తెర మీద ఒక చక్రం తిరిగేది. మళ్లీ మూడు మాటలు. మళ్లీ చక్రం. అరగంట వార్త వినడానికి గంటన్నర పట్టేది. మధ్యలో కరెంటు పోతే యూపీఎస్‌లు అన్నీ ఒక్కసారే కూతపెట్టేవి. కుర్రాళ్లందరూ గదుల్లోంచి తలలు బయటపెట్టి తిట్టుకునేవాళ్లు.

నేను విన్న వాక్యం విన్నట్టే పైకి అనుకునేదాన్ని. నాకు తెలియకుండానే గట్టిగా అనేదాన్నేమో, ఒకరోజు ఆయన నవ్వుతూ చెప్పాడు: "అమ్మా, మొన్న ఒక కుర్రాడడిగాడు, ఆ మేడమ్ గారు రోజూ ఇక్కడికొచ్చి ఏం జపం చేస్తారండీ అని."

స్కూలు అయ్యాక నేరుగా అక్కడికి, అక్కడి నుంచి చీకటి పడేసరికి ఇంటికి. మా అత్తయ్య మోకాళ్ల నొప్పులతోనే అన్నం వార్చి పెట్టి ఉంచేది. కూర నేను వచ్చి చెయ్యాలి. "ఈ వయసులో నీకీ చదువేందమ్మా," అనేది. విసుగుతో కాదు, జాలితో. మా ఆయన మొదటి రెండు నెలలు ఏమీ అనలేదు. ఒకరోజు కూర పొయ్యి మీద పెట్టి, నేను గోడకి చేరగిలబడి అక్కడే నిద్రపోయాను. కూర మాడిపోయింది. ఆయన వచ్చి పొయ్యి ఆర్పి నన్ను లేపాడు.

"ఏందే ఇది? ఇంకా ఎంతకాలం ఇట్టా?"

"నేనేమన్నా సరదాకి పోతున్నానా?"

"సరదాకని ఎవరన్నారు? నిన్ను చూస్తుంటే భయమేస్తంది, అంతే," అన్నాడు. ఆ రాత్రి పచ్చడితో తిన్నాం.

వినడం అలవాటైంది గానీ మాట్లాడటం రాలేదు. వినేవాళ్లు లేకుండా మాట్లాడటం ఎలా వస్తుంది? ఆ సంగతి కూడా నెట్ సెంటర్ ఆయనతోనే అన్నాను. ఆయన నాలుగు రోజులు వెతికి, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకునే చోటు ఒకటి కనిపెట్టాడు. అందులో మన గురించి రాసి పెడితే, ఇష్టమైనవాళ్లు జవాబు రాస్తారు. "మగవాళ్లు రాస్తే తియ్యకండమ్మా," అని ముందే హెచ్చరించాడు. నేను టీచర్ననీ, ఇండియా అనీ, ఇంగ్లీషు మాట్లాడాలనీ మూడు ముక్కలు రాశాను. మగవాళ్లు చాలామంది రాశారు. వాళ్లని ఆయనే చెరిపేశాడు. పదిహేను రోజుల తర్వాత ఒకావిడ రాసింది. టర్కీ దేశం. ఆవిడా టీచరే. నాకంటే కొంచెం పెద్దది. ప్రమోషన్ కోసం ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలట. "మై ఇంగ్లిష్ స్మాల్," అని మొదలుపెట్టింది. ఆ వాక్యం చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

మొదట నెట్‌లోనే ఉత్తరాలు రాసుకున్నాం. తర్వాత మైకు ఉన్న హెడ్‌ఫోన్లు ఆయన ఎక్కడినుంచో తెప్పించాక గొంతులు కలిశాయి. మాకు సాయంత్రమైతే వాళ్లకి మధ్యాహ్నం. ఆవిడది పొద్దుటి బడి కాబట్టి అప్పటికే ఇంటికొచ్చేసేది. మొదటిసారి మాట్లాడినప్పుడు ఇద్దరం కాగితాలు ముందు పెట్టుకున్నాం. పేరు, ఊరు, పిల్లలు, వంట. కాగితం అయిపోయింది. తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. ఆవిడ అడగాలి కాబట్టి అడిగింది: "హౌ ఆర్ యూ?"

దానికి జవాబు చిన్నప్పటి నుంచి అందరికీ వచ్చిందే. ఫైన్ అనాలి. ఆ రోజు వరసగా ఐదు పీరియడ్లు నిలబడి చెప్పి వచ్చాను. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. నా నోట్లోంచి, "ఐ యామ్ టైర్డ్," అని వచ్చేసింది.

అటువైపు నుంచి నవ్వు వినిపించింది.

"మీ టూ," అంది. "వెరీ, వెరీ టైర్డ్."

అదే మా మొదటి నిజమైన మాట. ఆ తర్వాత కాగితాలు అక్కర్లేకపోయాయి. తన కాలి నరాలు తాళ్లలా ఉబ్బుతాయని చెప్పడానికి ఆవిడకి మాటలు లేవు. "మై లెగ్, రోప్, రోప్," అనేది. నాకు అర్థమయ్యేది. నాకూ అలాగే ఉన్నాయి. వాపు అనే మాట ఇద్దరికీ రాలేదు. ఫుట్ బిగ్ అయింది అనుకున్నాం. వాళ్ల స్కూల్లో యాభై మంది పిల్లలు ఒక గదిలో. మా దాంట్లోనూ అంతే. వాళ్ల అత్తగారు కూడా వాళ్లతోనే ఉంటుంది. ఆవిడ నాతో మాట్లాడేటప్పుడు గాజుగ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు వస్తుండేది. టీ తాగుతోందన్నమాట. ఆ చప్పుడు వింటుంటే నాకూ తాగాలనిపించేది. చివరికి నెట్ సెంటర్ ఆయన కింద బండి దగ్గర్నుంచి నాక్కూడా ఒక టీ తెప్పించడం మొదలుపెట్టాడు.

ఒకరోజు ఆవిడ ఉండేది కూడా పత్తి మైదానమేనని తెలిసింది. మా పత్తి గురించి అడిగింది. కాయల్ని తొలిచే పురుగు గురించి చెప్పాను. పురుగుకి ఇంగ్లీషు పేరు తెలియక, "కాటన్ హౌస్‌లోకి వెళ్లి తింటుంది" అన్నాను. ఆవిడ "ఆ, ఆ" అంది. వాళ్ల చేలల్లోనూ ఉందట. మందు కొట్టీ కొట్టీ అప్పులపాలైనవాళ్లు వాళ్ల దగ్గరా ఉన్నారట. తర్వాత నేల గురించి అడిగింది. ఇక్కడ మళ్లీ నాకు ఎనిమిదో తరగతి పాఠం గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని, ఎదుట మా నాన్న చేను ఉందనుకుని, వచ్చిన మాటలతోనే చెప్పాను. వాన వస్తే ఈ మట్టి చాలా తాగుతుంది, ఎవరికీ ఇవ్వదు. ఎండ వస్తే ఆ నీళ్లు పోయి మట్టి చిన్నదవుతుంది. చిన్నదయితే నోరు తెరుస్తుంది. మళ్లీ వాన వస్తే నోరు మూస్తుంది. ఇలా చెప్పాను. అన్నీ రెండో తరగతి పిల్లల మాటలే.

"గుడ్," అందావిడ. "ఐ సీ ఇట్. ఐ సీ యువర్ గ్రౌండ్."

నీ నేల నాకు కనబడుతోంది అని. అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్లూ నేను చేసిందల్లా తెలుగులో ఒక పెద్ద వాక్యం కట్టుకుని దాన్ని ఇంగ్లీషులోకి మోసుకురావాలని చూడటం. మోయలేక కింద పడేస్తున్నాను. చిన్న మాటలు చాలు. మర్నాడు తొమ్మిదో తరగతికి నల్లరేగడి పాఠం అట్లాగే చెప్పాను, పుస్తకం మూసేసి. వెనక బెంచీలో ఒకడు తెలుగులో అరిచాడు, "నెర్రెలా టీచర్? మా చేలో మా తాత కర్ర దిగబడిపోయింది!" అని. నేనూ నవ్వాను. ఆ సంవత్సరం పిల్లలు ఏదైనా అడిగితే నేను భయపడటం కొంచెం కొంచెంగా తగ్గింది. ఇంటికెళ్లేసరికి ఒళ్లు మాత్రం అంతే అలిసిపోయేది. ఒక భాషలో ఆలోచించి ఇంకో భాషలో నిలబడటం రోజంతా బరువు మోసినట్టే ఉండేది.

మరుసటి సంవత్సరం చలికాలంలో కరస్పాండెంట్ గారు హైదరాబాదు నుంచి ఒక ఇంగ్లీషు ట్రైనర్ని పిలిపించారు. క్లాసులన్నీ చూసి ఎవరు ఎలా చెప్తున్నారో ఆయన చెప్పాలి. నా క్లాసులో ఇద్దరూ వెనక కూర్చున్నారు. నాకు అంత భయం వెయ్యలేదు. మన రాష్ట్రంలో ముఖ్యమైన నేలలు మూడని ఆ రోజు వివరిస్తున్నాను. పిల్లలు బాగానే జవాబులు చెప్తున్నారు. మధ్యలో ట్రైనర్ లేచి ఒకణ్ణి నేలలెన్ని రకాలో చెప్పమన్నాడు.

"ట్రీ, సార్," అన్నాడు వాడు.

"హౌ మెనీ?"

"ట్రీ!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తట్టింది. టర్కీ ఆవిడ మూడుని ట్రీ అంటుంది. ఆలోచించడాన్ని టింక్ అంటుంది. ఏడాదిగా ఆవిడతో మాట్లాడీ మాట్లాడీ నా నోరు అలా తిరిగిపోయింది. నా నోట్లోంచి యాభై మంది పిల్లల నోళ్లలోకి వెళ్లిపోయింది. నాకు ఒక్కనాడూ వినిపించలేదు.

క్లాసు అయ్యాక ఆఫీసు రూములో ట్రైనర్ మర్యాదగానే అడిగాడు. "మేడమ్, మీ సబ్జెక్ట్ చాలా బాగుంది. కానీ ఈ ఉచ్చారణ... మీరు ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?"

"నెట్‌లో," అన్నాను.

"నెట్‌లో ఏ దేశంవాళ్ల దగ్గర?"

చెప్పాను. ఆయన నవ్వాపుకోవడానికి కిందికి చూశాడు. కరస్పాండెంట్ గారు నవ్వలేదు. "మీ కష్టం నేను చూశానండీ. కాకపోతే తల్లిదండ్రులు వింటారు కదా. జనవరి నుంచి మీరు మూడో తరగతి తీసుకోండి. హైస్కూల్‌కి ఎవరినైనా చూస్తాను. మీ జీతం తగ్గించను," అన్నారు.

నేను సరేనన్నాను. ఏడుపు కూడా రాలేదు. ఎక్కడైనా కాస్త పడుకోవాలనిపించింది. ఆ సాయంత్రం నెట్ సెంటర్‌కి వెళ్లి జరిగింది ఆవిడకి చెప్పాను. నీ మాట నా నోటికి అంటుకుంది, నన్ను కింది క్లాసుకి పంపారు అని. చెప్పాక నాకే అనిపించింది, ఈ మాట అనకుండా ఉండాల్సిందని.

"సారీ," అంది. తర్వాత తన సంగతి చెప్పింది. ఆ వారమే పరీక్ష ఫలితాలు వచ్చాయట. తప్పిందట. మాట్లాడే పరీక్షలో ప్రశ్నలడిగే పెద్దాయన ఒకడు, మీరు ఇండియావాళ్లలా మాట్లాడుతున్నారేంటి అన్నాడట.

నేను ముందు నమ్మలేదు. తర్వాత ఇద్దరం నవ్వాం. అంత గట్టిగా నవ్వుతుంటే పక్క గదిలో కుర్రాడు కర్టెన్ తీసి చూశాడు. కన్నీళ్లు వచ్చేదాకా నవ్వాను. అవి నవ్వు కన్నీళ్లేనా అంటే చెప్పలేను.

మూడో తరగతి ఇంకా కష్టం. పెద్దపిల్లలు కూర్చుంటారు, చిన్నపిల్లలు కూర్చోరు. ముక్కులు తుడవాలి, టిఫిన్ మూతలు తియ్యాలి, వర్షం వస్తే ఆటోవాళ్లు వచ్చేదాకా కాపలా ఉండాలి. అయితే వాళ్లకి నా మాట ఎలా ఉందన్న పట్టింపు లేదు. నేను కూడా వార్తలు మళ్లీ మొదటి నుంచి వినడం మొదలుపెట్టాను. అద్దం ముందు నిలబడి నాలుక పళ్ల మధ్య పెట్టి త్రీ, థింక్ అని అనుకుంటుంటే మా అత్తయ్య, "పిల్లకి పంటినొప్పేమో చూడరా," అని మా ఆయనతో అంది.

టర్కీ ఆవిడతో మాటలు ఇంకో ఏడాదిన్నర నడిచాయి. వారానికి మూడుసార్లు కాస్తా ఒకసారైంది. తర్వాత నెలకోసారి. రెండోసారి రాసిన పరీక్ష పాసైంది. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ గొంతులో కూడా పెద్ద సంతోషం ఏమీ లేదు. ఇంక చదవక్కర్లేదు, నిద్రపోవచ్చు అంది. ఆవిడని సముద్రం పక్కనున్న ఊరికి మార్చారు. అక్కడికెళ్లాక రెండు ఉత్తరాలు రాసింది. మూడోది రాలేదు. ఇక్కడ నెట్ సెంటర్‌కి కూడా జనం తగ్గిపోయారు. అందరి ఇళ్లల్లో కంప్యూటర్లు, చేతుల్లో ఫోన్లు. ఆయన కంప్యూటర్లు అమ్మేసి అదే గదిలో రీఛార్జిలు, జెరాక్సు మొదలుపెట్టాడు. ఎప్పుడైనా బస్టాండ్‌లో కనబడితే, "మీ టర్కీ మేడమ్ గారు బాగున్నారా అమ్మా?" అని అడిగేవాడు. బాగానే ఉన్నారని చెప్పేదాన్ని.

మా పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు ఇంట్లో ఒక పాత కంప్యూటర్ పెట్టించారు. అందులో వీడియోలు వచ్చేవి. ఎక్కడో ఒక పెద్ద యూనివర్సిటీలో ఒకావిడ బల్ల మీద మట్టిగడ్డ పెట్టి, దాన్ని విరుస్తూ పాఠం చెప్పేది. అంత వేగంగా మాట్లాడినా నాకు చాలావరకు అర్థమయ్యేది. ఆపి, వెనక్కి తిప్పి వినేదాన్ని. ఆవిడని చూస్తుంటే ఈర్ష్య ఉండేది కాదు. హాయిగా ఉండేది, అంతే. చాలాసార్లు వింటూనే నిద్రపోయేదాన్ని. మా ఆయన వచ్చి కంప్యూటర్ ఆపేసేవాడు.

కొన్నేళ్లకి, ఒక అక్టోబరులో, హైస్కూల్‌కి సోషల్ చెప్పే అమ్మాయి మధ్యలోనే మానేసి వెళ్లిపోయింది. అంతకుముందు ఇద్దరు అలాగే వెళ్లారు. కరస్పాండెంట్ గారు నన్ను పిలిచారు. ఆయన జుట్టు అప్పటికి పూర్తిగా తెల్లబడింది.

"పదో తరగతి పిల్లలకి పరీక్షలు దగ్గరకొచ్చాయండీ. మీరే తీసుకోవాలి."

"నా ఉచ్చారణ?" అన్నాను. నా గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే అడిగాను.

"అదంతా ఇప్పుడెవరు చూస్తున్నారండీ. వచ్చేవాళ్లంతా మార్కులే అడుగుతున్నారు," అన్నారు.

రేపు చెప్తానని ఇంటికొచ్చాను. ముందుగదిలో చాప వేసుకుని పడుకుంటే కళ్లు మూతపడిపోయాయి. లేచేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. మా ఆయన ఉప్మా కలుపుతున్నాడు. పక్కనే స్టూలు మీద కూర్చుని మా అత్తయ్య నీళ్లెక్కువయ్యాయని అంటోంది. నేను విషయం చెప్పాను.

"చేస్తావా?" అన్నాడు ఆయన గరిటె ఆపకుండానే.

"చెయ్యక ఏం చేస్తా."

"అయితే తిని పడుకో. పొద్దున్నే లెగవాల," అన్నాడు.